నరం మీద వదిలిన పొర

విన్నిపెగ్,
నవంబరు 9

బాల్డర్ గారికి,

కవరు చూసి ఎవరో పోయారనుకుని ఉంటారు. ఎవరూ పోలేదు. ఆసుపత్రి ఈమెయిలు ఆసుపత్రి సొత్తు. అందులో ఏం గిలికినా ఏదో ఒకనాడు వకీళ్లు చదువుతారు. ఫోను చేద్దామంటే మీరు ఎత్తే మనిషి కాదు. అందుకని కాగితం, కలం, తపాలా బిళ్ల.

అలసిపోయాను, బాల్డర్ గారూ. ఇంతకంటే పెద్ద కబురు లేదు. మైక్రోస్కోపు మీద ముప్ఫై ఏళ్లు వంగి వంగి నా మెడ కూడా ఇప్పుడు నేను ఆపరేషన్ చేసే మెడల్లాగే తయారైంది. పొద్దున ఎవరిదో వెన్నెముక, మధ్యాహ్నం ఎవరిదో మెదడు, సాయంత్రం కమిటీ. ఇంటికొచ్చి సూపు డబ్బా తెరిచి, వేడి చెయ్యడానికి కూడా బద్ధకించి, అలాగే తాగేసి పడుకుంటున్నాను.

మీరు ఉద్యోగం మానుకుని గిమ్లీ చేరిన ఈ నాలుగేళ్లూ పొద్దుటి పూట డ్రిల్లు మీ బదులు కొత్త చెవి డాక్టరు టెస్సా పడుతోంది. మంచి చెయ్యి. మీలా పాటలు పాడదు, అదొక సుఖం. చెవి వెనక ఎముక తొలిచి, మొహం నరం దాకా దారి చేసి నాకు అప్పగిస్తుంది. అక్కణ్ణించి గడ్డ తియ్యడం నా వంతు. మన పద్ధతిలో ఏమీ మారలేదు. అప్పగించే ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడి, కరెంటు పుల్లతో నరాన్ని తాకి, మిషను పలుకుతోందో లేదో, అంటే నరం బతికుందో లేదో వింటాం.

కోర్నీ హీబర్ట్ గుర్తున్నాడా? స్టైన్‌బాక్ దగ్గర పాల ఆవుల రైతు. ఆరేళ్ల కిందట మీరు తొలిచారు, నేను తీశాను. నరానికి దెబ్బ తగులుతుందని దాని మీద కొంచెం గడ్డ వదిలేశాను. అది పెరిగింది. ఇప్పుడు మెదడు కాండాన్ని నొక్కుతోంది. కొట్టంలో నడుస్తూ తూలి రెండుసార్లు పడ్డాడట. ఇలా తిరిగొచ్చిన వాళ్లలో ఈ ఏడాది ఇతను మూడోవాడు.

"టొరంటోలో ఇంతకంటే పెద్ద జట్టు ఉంది, అక్కడికి రాసిస్తాను" అన్నాను.

"ఆవులు పాలివ్వడానికి టొరంటో దాకా రావు డాక్టరమ్మా. సగం తిని వదిలేసిన పళ్లెం ఇంకొకళ్ల ముందు పెడతారా? మీరు వదిలింది మీరే తియ్యండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు బాగా తగిలింది.

అక్టోబరులో తమారా కూడా వచ్చి వెళ్లింది. ఎప్పటిలాగే.

మీ
ఇర్మా


గిమ్లీ,
నవంబరు 26

ఇర్మాకు,

కవరు చూసి మా ఆవిడ రూనా నిజంగానే భయపడింది. "ఇర్మా చేతిరాత, నువ్వే విప్పు" అని నా మీద పడేసింది. చదివి వినిపించాక "ఆ పిల్లకి వండిపెట్టే దిక్కు లేదు" అని ఎండు ఆల్‌బుకరా పళ్ల గుజ్జుతో ఏడు పొరల కేకు చేసింది. వేరే డబ్బాలో పంపిస్తున్నాం. సూపు డబ్బాలా నించుని తినెయ్యకు, పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తిను.

సరస్సు అంచున మంచు గడ్డకట్టడం మొదలైంది. చేపలు పట్టే నా గుడిసెను ఇంకో మూడు వారాల్లో మంచు మీదికి లాగుతాం. డెబ్భై ఒకటో ఏట కూడా నేనే లాగుతానంటే రూనా తిడుతోంది. నా చెయ్యి కాస్త వణుకుతోందిలే. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నాను. నువ్వు రోజూ చూసే జబ్బేమీ కాదు, ముసలితనం.

కోర్నీ ఎందుకు గుర్తులేడు? మత్తు ఇచ్చేదాకా నాకు ఆవుల పేర్లు చెప్పాడు. అతనికి ఆపరేషన్ నువ్వే చెయ్యి. ఊరికే సందేహాలు పెట్టుకోకు. నీ అంత నెమ్మదైన చెయ్యి ఈ రాష్ట్రంలో లేదు. నేను చాలా చేతులు చూశాను. మెడకి వేడినీళ్ల కాపడం పెట్టుకో.

బాల్డర్


విన్నిపెగ్,
జనవరి 12

బాల్డర్ గారికి,

కేకు అయిపోయింది. పళ్లెంలో పెట్టుకుని కూర్చునే తిన్నాను. రూనా గారికి చెప్పండి.

మీ ఉత్తరంలో ఆవుల గురించి ఉంది, గుడిసె గురించి ఉంది. తమారా గురించి ఒక్క మాట లేదు. మీరు మర్చిపోయారేమోనని కాసేపు అనుకున్నాను. మీకు మరుపెక్కడిది?

టెస్సా మొన్న సూటిగా అడిగింది: "ఇర్మా, మీరు నరం మీద అంత మందం ఎందుకు వదిలేస్తారు? అందరూ కొద్దిగా వదులుతారు, ఒప్పుకుంటాను. మీరు వదిలేది కొద్దిగా కాదు." పిల్లకి మొహమాటం లేదు. నేను ఏదో గొణిగి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాను. మీకైతే చెప్పగలను. తమారా ఆపరేషన్ నాటి నుంచి అంతే.

పదకొండేళ్ల కిందట, ఫిబ్రవరి. మంచు బండి మీంచి పడి మెడ విరిగిన కుర్రాడొకడు ఎమర్జెన్సీకి వస్తే నేను అక్కడ ఇరుక్కుపోయాను. ఒంటిగంటకు పరిగెత్తుకొచ్చేసరికి మీ వంతు అయిపోయింది. మీరు తొలిచి, శుభ్రంగా దారి చేసి పెట్టారు. సాయంత్రం ఐదున్నరకు గడ్డ మొత్తం బయటికొచ్చింది. నరం తెల్లగా, ఎక్కడా తెగకుండా కనిపించింది. సంబరంగా పుల్ల పెట్టి తాకాను. మిషను పలకలేదు. కరెంటు పెంచాను. పలకలేదు. చివరి ముక్క లాగినప్పుడు చేతికి కాస్త బిగువు తగిలింది, అక్కడే చంపేశాననుకున్నాను. మర్నాడు తమారాకి చెప్పాను, "నా చేతిలోనే పోయింది, తప్పు నాదే" అని. అప్పుడామెకి ముప్ఫై నాలుగు.

అప్పట్నించి ఏటా అక్టోబరులో నాకు చూపించుకోవడానికి వస్తుంది. ఒక కన్ను మూతపడదు, రెండు గంటలకోసారి చుక్కలు వేసుకోవాలి. నీళ్లు తాగాలంటే పెదవిని వేలితో నొక్కి పట్టుకోవాలి. బస్సులో చిన్నపిల్లలు అడుగుతారట, "ఆంటీ, మీరు సగమే ఎందుకు నవ్వుతారు?" అని. కూతురి గ్రాడ్యుయేషన్ ఫొటోలో పక్కకి తిరిగి నిలబడింది. నేను ఆ ఫొటో చూసి కళ్లు తుడుచుకుంటే ఆవిడే నన్ను ఓదార్చింది: "ఊరుకోండి డాక్టరమ్మా, నాకు బస్సు టైమైపోతోంది."

తర్వాత ఏ నరం దగ్గరికి వెళ్లినా ఆ మొహమే కనిపిస్తుంది. మొదట్లో ఉల్లిపొరంత వదిలేదాన్ని. తర్వాత గుమ్మడి తొక్కంత. నా భయం వాళ్ల తలల్లో పెరుగుతోంది, బాల్డర్ గారూ. కోర్నీ తలలో పెరిగింది అదే.

ఇప్పుడు అతనికి చెయ్యనంటే దొంగతనంగా తప్పించుకున్నట్టు. చేస్తే మళ్లీ అదే చేస్తాను. ఏం చెయ్యమంటారు?

ఇర్మా


గిమ్లీ,
జనవరి 31

ఇర్మాకు,

జవాబు ఆలస్యమైంది. చలి మైనస్ ముప్ఫై ఎనిమిది, కలంలో సిరా కూడా కదలడం లేదు.

అలాంటివి ఎవరికైనా జరుగుతాయి. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నాను. ఆ బిగువూ గిగువూ మనసులోంచి తీసెయ్యి. గడ్డలు కొన్ని నరానికి అలా అతుక్కుని ఉంటాయి, నువ్వు కాదు గదా, దేవుడు దిగొచ్చినా ఏమీ చెయ్యలేడు. నీ మీద నువ్వే పగబట్టకు.

చేపలు బాగా పడుతున్నాయి. రూనా అడిగింది, "నాలుగు కాగితాలు చించి పొయ్యిలో వేశావు, ఇర్మాకి అంత కష్టమైన సంగతి ఏం రాస్తున్నావు?" అని. నీ మెడకి వ్యాయామాలు రాస్తున్నానని చెప్పాను.

బాల్డర్


విన్నిపెగ్,
ఫిబ్రవరి 10

బాల్డర్ గారికి,

మీ దగ్గర్నుంచి ఇలాంటి ఉత్తరం వస్తుందనుకోలేదు. రోగుల బంధువులకి చెప్పే మాటలు నాకు చెప్పారు. ఆ మాటలు నాకూ వచ్చు, రోజూ చెప్తుంటాను.

మీరు శ్రమపడి చించక్కర్లేదు. నేనే తేల్చేశాను. జూన్ చివర్లో మానేస్తున్నానని రాజీనామా ఇచ్చాను. కోర్నీ కాగితాలు మార్చి 1న టొరంటోకి పంపిస్తున్నాను. ఫోనులో అతనికి ఆ మాటే చెప్పాను. విని అన్నాడు, "అయితే నేను ఎక్కడికీ రాను డాక్టరమ్మా. పడినప్పుడు పడతాను." పడితే మళ్లీ లేవడు. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు.

ముప్ఫై ఏళ్ల పనికి ఇదీ ముగింపు. ఒక మనిషి మొహం పోగొట్టాను, ఆ భయంతో ముగ్గురి తలల్లో గడ్డలు పెంచాను, ఆ మూడోవాడి దగ్గర చేతులెత్తేశాను. ఇంక నాకు ఏడుపు కూడా రావడం లేదు, నిద్ర మాత్రం వస్తోంది.

ఇర్మా


గిమ్లీ,
ఫిబ్రవరి 17

ఇర్మా,

కోర్నీ కాగితాలు పంపకు. ఈ ఉత్తరం చదివాక ఏమైనా చెయ్యి.

తమారా మొహం నీ చేతిలో పోలేదు. నా చేతిలో పోయింది.

ఆ రోజు పదకొండున్నర అయింది. నరం మీద గుడ్డు పెంకు అంత ఎముక మిగిల్చి డ్రిల్లు ఆపాలి. వేలసార్లు ఆపాను. ఆ రోజు ఆగలేదు. మిషను ఒక్కసారి గట్టిగా అరిచింది, తర్వాత చప్పుడు లేదు. ఎప్పుడూ మిషను దగ్గరుండే అతను సెలవు, కొత్తమ్మాయి ఉంది. "ఏంటి డాక్టర్ గారూ ఆ చప్పుడు?" అంది. "డ్రిల్లు మీద పోసే నీళ్ల చప్పుడులే అమ్మా" అన్నాను. పుల్ల పెట్టి తాకాను. పలకలేదు. కరెంటు బాగా పెంచితే ఎక్కడో కొంచెం గరగరమంది. ఆ గరగరనే పట్టుకుని, బతికే ఉంది, సాయంత్రానికి తేరుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒంటిగంటకు నువ్వు చెమటలు కక్కుతూ వచ్చావు. ఇద్దరం కలిసి వినాలి, అది మనం పెట్టుకున్న నియమమే. నేనేమన్నానో నీకు గుర్తుండదు, నాకు ప్రతి అక్షరం గుర్తుంది. "విన్నానులే ఇర్మా, బాగుంది. ఇప్పటికే ఆలస్యమైంది, నువ్వు మొదలుపెట్టు." నువ్వు తల ఊపి కూర్చున్నావు. నా మాట మీద నీకు సందేహం రాలేదు. ఎందుకొస్తుంది? నేను తొడుగులు తీసేసి కింద కాంటీన్‌లో శాండ్‌విచ్ తిని ఇంటికి వెళ్లిపోయాను.

ఇంతవరకూ అయితే పిరికితనం. దీని తర్వాతది ఇంకా నీచం. సాయంత్రం నువ్వు ఫోను చేశావు. "నేనే లాగేశాను బాల్డర్ గారూ, నేనే చంపేశాను" అని వెక్కి వెక్కి ఏడ్చావు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. అన్నది మాత్రం "ఊరుకో తల్లీ, ఎవరికైనా జరుగుతుంది." నువ్వు "మీరు చాలా మంచివారు" అన్నావు. నా తప్పుకి నిన్ను క్షమించాను ఇర్మా. పైగా, నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నా మంచితనం నాకు ముద్దొచ్చింది కూడా.

నువ్వు పొరలు మందంగా వదలడం స్కానుల్లో చూస్తూనే ఉన్నాను. కోర్నీది కూడా చూశాను. వయసు పెరిగి జాగ్రత్తపడుతోంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. నీ జనవరి ఉత్తరం చదివేదాకా అసలు సంగతి తెలియలేదంటే నువ్వు నమ్మక్కర్లేదు.

నీ చెయ్యి ఎవరినీ చంపలేదు. ఆ బిగువు ఉత్త బిగువే. నువ్వు ముట్టుకునేసరికే నరం చచ్చిపోయి ఉంది. కోర్నీకి నువ్వే చెయ్యి. నా కోసం అడగడం లేదు.

బాల్డర్


విన్నిపెగ్,
మార్చి 3

బాల్డర్ ఐనార్సన్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఎనిమిది రోజులు సంచీలో పెట్టుకుని తిరిగాను.

కోర్నీ కాగితాలు పంపలేదు. ఏప్రిల్ 8న ఆపరేషన్.

పదకొండు అక్టోబర్లు నేను ఆ మనిషి ముందు తల దించుకుని కూర్చున్నాను. నాలుగేళ్ల కిందటి దాకా మీరు పక్క గదిలోనే ఉండేవారు. కాఫీ తాగుతూ, "వచ్చిందా తమారా? ఎలా ఉంది?" అని అడిగేవారు.

మీరు జవాబు రాయక్కర్లేదు. రూనా గారిని కేకులు పంపొద్దనండి.

ఇర్మా ఫ్రీసెన్


విన్నిపెగ్,
ఏప్రిల్ 14

బాల్డర్ గారికి,

మీ రెండు ఉత్తరాలూ వచ్చాయి. విప్పలేదు. ఇది జవాబు కాదు. కోర్నీ సంగతి మీకు తెలియాలి గనుక రాస్తున్నాను.

మీరు తొలిచిన దారినే మళ్లీ తెరిచాం. ఆ కన్నం పూడ్చడానికి ఆనాడు అతని పొట్టలోంచి తీసి కూరిన కొవ్వును టెస్సా చెంచాతో తీసినట్టు తీసేసింది. నరాన్ని ఇద్దరం కలిసి విన్నాం. తర్వాత నేను ఇంకోసారి విన్నాను, ఇంకోసారి, మొత్తం ఆరుసార్లు. "ఇంక చాలు ఇర్మా, అది అలిసిపోతుంది" అంది టెస్సా.

మెదడు కాండం మీద ఉన్నదంతా మూడు గంటల్లో వచ్చేసింది. ఇంత తేలిగ్గా చెయ్యి కదిలి ఎన్నాళ్లయిందో. పిచ్చి ధైర్యం వచ్చింది. మీ ఉత్తరంలో మాట నిజమే, నేను ఎవరినీ చంపలేదు, ఈసారి మొత్తం తీసేస్తాను అనుకున్నాను. నరం మీద చివరి పొర మిగిలింది. పనిముట్టు దాని కింద పెట్టాను.

చెయ్యి ఆగిపోయింది.

వణకలేదు, నొప్పి లేదు. కదలమంటే కదల్లేదు, అంతే. తప్పు నాది కాదని బుర్రకి తెలుసు. చెయ్యికి పదకొండేళ్లుగా వేరే సంగతి తెలుసు. అది మీ ఉత్తరం చదవలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. చివరికి లేచి, "టెస్సా, ఇటు కూర్చో" అన్నాను. అంతకుముందు ఎప్పుడూ నా కుర్చీ ఇంకొకరికి ఇవ్వలేదు. నలభై నిమిషాల్లో ఆ పొర తీసేసింది. నరం పలికింది.

కోర్నీ మర్నాడు రెండు చెంపలూ సమంగా లేపి నవ్వాడు. "పళ్లెం ఖాళీ చేశారా డాక్టరమ్మా?" అన్నాడు. చేశామన్నాను. ఎవరు చేశారో కూడా చెప్పాను. "ఎవరైతేనేం, మీరు పక్కనున్నారుగా" అన్నాడు. అతను లేచి నడుస్తున్నాడు, తూలడం లేదు. అది నాకు సంతోషమే, నిజంగా సంతోషమే.

రాజీనామా మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ కుర్చీ ఇంక టెస్సాది.

ఒక పని మీకు మిగిలి ఉంది. తమారాకి చెప్పాలి. నేను చెప్పను. మీరే వెళ్లండి.

ఇర్మా


గిమ్లీ,
మే 6

ఇర్మాకు,

సోమవారం తమారా ఇంటికి వెళ్లాను. సెల్‌కర్క్‌లో రైలు పట్టాల దగ్గర చిన్న ఇల్లు. రూనా వస్తానంది, వద్దన్నాను. రూనాకి ఈ సంగతి మార్చిలోనే చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "నువ్వు ఆ తమారాకి ముందు చెప్పాల్సింది, నాకు కాదు" అంది.

తలుపు తీసి తమారా నన్ను గుర్తుపట్టింది. "మొత్తానికి చెవి డాక్టరు గారు దారి తప్పి వచ్చారు" అని నవ్వుతూ లోపలికి పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కాఫీ పోసి నా ముందు పెట్టింది. నా చేతుల వణుకు చూసి కప్పు సగమే నింపింది. నాకు అక్కడే లేచి పారిపోవాలనిపించింది.

చెప్పాను. డ్రిల్లు, మిషను, నీళ్ల చప్పుడు, "బాగుంది" అన్న మాట, శాండ్‌విచ్, నీ ఫోను, అన్నీ. ఆవిడ కంట్లో చుక్కలు వేసుకుంటూ వింది. అంతా విన్నాక అడిగింది, "పదకొండేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

నీ సంగతి చెప్పాను. నీ భయం, మందంగా వదిలిన పొరలు, కోర్నీ, ఆగిపోయిన చెయ్యి, జూన్‌లో మానేస్తున్నావని. ఏదీ దాచలేదు.

"అంటే ఏటా నా మొహం చూసి చూసి ఆవిడ చెయ్యి చచ్చిపోయిందా?"

"అవును" అన్నాను.

"నేను వెళ్లేది ఆవిడ కోసమే. స్కాను అక్కర్లేదని ఐదేళ్ల కిందటే చెప్పారు. నేను బాగానే ఉన్నానని చూస్తే ఆవిడ కుదుటపడుతుందేమోనని ఏటా రోజంతా పని మానుకుని వెళ్లేదాన్ని."

క్షమించమని నేను అడగలేదు. ఆవిడే అంది: "మీరు పాడుచేసింది నా మొహం ఒక్కటే అయితే, ఏదో జరిగిపోయింది, కాఫీ తాగి వెళ్లండి అనేదాన్ని." లేచి, నా ముందున్న కప్పు తీసుకెళ్లి సింకులో పారబోసింది. కోపంగా కూడా కాదు, అంట్లు కడిగే మనిషిలా మామూలుగా పారబోసి, కప్పు కడిగి బోర్లించింది.

నేను కోటు వేసుకుంటుంటే కాగితం, పెన్సిలు తెచ్చి ఇచ్చింది. "ఆవిడ ఇల్లెక్కడో రాసివ్వండి. మీరింక ఆవిడ జోలికి వెళ్లకండి. డాక్టరమ్మని నేను చూసుకుంటాను."

రాసిచ్చాను. నా వంకరటింకర అక్షరాలు పైకి చదివి, సరిచూసుకుని, జేబులో పెట్టుకుంది. అందుకే ఇది నా ఆఖరి ఉత్తరం, ఇర్మా. శనివారం పొద్దున పది గంటలకు వస్తుందట. తలుపు తియ్యి.

బాల్డర్